ఒక సోమవారం నాటి వార్తలు

సౌమ్యనామ సంవత్సరం, ఆషాఢ మాసం, శుక్లపక్షం, సోమవారం. ఇంగ్లీషు లెక్కన 1969 జూలై 21వ తేదీ. పంచాంగం చూచి ప్రయాణం పెట్టుకునే ఆచారం అమెరికా వారికి ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఉన్నట్లయితే మాత్రం చంద్రుని ఇంటికి వెళ్ళడానికి ఇంతకంటె మంచి రోజు వారికి దొరికి ఉండేది కాదు. సోముడంటే చంద్రుడు, వారం ఆయనది. సౌమ్యమంటే సోమునికి సంబంధించినది, ఏడూ ఆయనదే. పక్షమో, ఆయన దినదినాభివృద్ధి పొందే పక్షం. ఆషాఢమొక్కటే కొంచెం చిక్కు. అది శూన్యమాసం. కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కరాదని పెద్దలు కట్టడి చేసిన నెల. అయితే ఆ కట్టడి అత్తవారింటికే గాని మేనమామ ఇంటికి వర్తించదు. చంద్రుడు మనకు మామ కావడం ఎంత అదృష్టమో చూడండి!

ఇది పరిహాసానికి అంటున్న మాట అనుకోవద్దు. ఆ రోజు చంద్రునిపై దిగిన ఇద్దరిలో రెండవవాడైన ఆల్డ్రిన్ తల్లిగారి పుట్టింటి పేరు ‘మూన్’. అనగా ఆయన వెళ్ళినది అచ్చంగా మేనమామ ఇంటికే. మనకు తరతరాలుగా మామ అయిన చంద్రుడు, ఇంగ్లీషు వారిలో ఒక్క ఆల్డ్రిన్‌కు మాత్రం ఇంటిపేరు సాక్షిగా మామ అయినాడు. ఆ తల్లి అంతకు ముందు సంవత్సరమే కన్నుమూసింది. కొడుకు తన పుట్టింటి పేరు గల చోట కాలు మోపిన సంగతి ఆమె వినలేదు.

ఇంకొక విశేషం. చంద్రునిపై మనిషి మొదటి అడుగు వేసిన క్షణాన అమెరికా రాజధానిలో ఆదివారం రాత్రి 10 గంటల 56 నిమిషాలు. అంటే వారికది ఇంకా సూర్యుని వారమే. మన గడియారాలలో సోమవారం ఉదయం 8 గంటల 26 నిమిషాలు. ఖర్చు వారిది, కష్టం వారిది, వారం మాత్రం మనకు కుదిరింది. పైగా లెక్క వేసి చూస్తే ఆ యాత్రికులు చంద్రునిపై ఉన్న కాలమంతా మన సోమవారంలోనే ఇమిడిపోయింది. అర్ధరాత్రి దాటి 1 గంట 47 నిమిషాలకు దిగినారు. ఆ రాత్రి 11 గంటల 24 నిమిషాలకు లేచినారు. మొత్తం ఇరవై ఒక గంటల పైచిలుకు. ఒక్క తెలుగు సోమవారం వారికి బసగా సరిపోయింది.

ఆ సోమవారం పత్రికా కార్యాలయాలలో రాత్రి డ్యూటీలో ఉన్న ఉపసంపాదకులను తలచుకుంటే జాలి కలుగుతుంది. దేశంలో ఏ వార్తా లేని రోజున ఎవరైనా చంద్రునిపైకి పోతే ఎంత సుఖం! కాని ఆ వారం ఢిల్లీలో ఒక్కొక్క కుర్చీ ఖాళీ అవుతూ వచ్చింది. 16వ తేదీన మొరార్జీ దేశాయి చేతిలోనుండి ఆర్థికశాఖను ప్రధాని ఇందిరాగాంధీ తీసుకొన్నారు. అదే రోజున ఫ్లారిడాలో రాకెట్టు లేచింది. 19వ తేదీ శనివారం సాయంకాలం పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసినవారు తాత్కాలిక రాష్ట్రపతి వి.వి. గిరి. మరునాడు ఆదివారం ఆయన రాజీనామా ఇచ్చి, రాష్ట్రపతి పదవికి స్వయంగా పోటీకి సిద్ధమయినారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అభ్యర్థిగా అదే పదవికి నిలబడుటకై శనివారమే తన ఆసనం వదిలినారు. ఇక సోమవారం ఉదయానికి సంగతి ఎట్లున్నదంటే, రాష్ట్రపతి ఆసనంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఉన్నారు. ఆర్థికమంత్రి ఆసనంలో ప్రధానమంత్రి ఉన్నారు. స్పీకరు ఆసనంలో స్పీకరు లేరు. చంద్రునిపై మాత్రం ఇద్దరున్నారు. పార్లమెంటు సమావేశాలు ప్రారంభమయ్యే రోజు కూడా సరిగ్గా అదే.

ఈ రెండు వార్తలలో దేనికి పెద్ద అక్షరం వేయాలి? చంద్రుడా, బ్యాంకా? పాఠకునికి చంద్రునిలో డిపాజిట్టు లేదు. ఆ మాటకు వస్తే పాఠకులలో చాలామందికి బ్యాంకులోనూ లేదు. 1969 జూన్ నాటికి ఈ మహాదేశంలో ఉన్న బ్యాంకు శాఖలన్నీ కలిపి 8,262. వాటిలో పల్లెటూళ్ళలో ఉన్నవి 1,833 మాత్రమే. సగటు పల్లెటూరి రైతుకు చంద్రుడే దగ్గర. ఆయన కనీసం రాత్రిపూట పొలం గట్టు మీదికి వస్తాడు. బ్యాంకు ఏజెంటుగారు ఎన్నడూ రారు.

అచ్చు వేళలు మరొక తలనొప్పి. టెలిప్రింటరు ఇంగ్లీషులో వాగుతుంది. దానిని తెలుగు చేయాలి. చేతితో అక్షరం అక్షరం పేర్చాలి. తలకట్లూ వత్తులూ సరిచూడాలి. రైలు వేళకు కట్టలు కట్టి పంపాలి. దూరపు ఊళ్ళకు పోవలసిన ప్రతులు కదిలే వేళకు చంద్రునిపై వారింకా దిగలేదు. కనుక ‘దిగబోతున్నారు’ అన్న మాటతో సరిపెట్టుకోక తప్పదు. పట్నవాసులకు పోయే చివరి ప్రతులలో, పేజీ నిలిపి ఉంచే ధైర్యం ఎవరికైనా ఉంటే, ‘దిగినారు’ అనవచ్చును. భవిష్యత్కాలం జిల్లాలకు, భూతకాలం పట్నానికి. మన వ్యాకరణం ఇంత న్యాయంగా ఎన్నడూ పంపకం జరుపలేదు. చంద్రునిపై నడచిన సంగతి అచ్చులో చదవాలంటే ఎంతటివాడైనా మంగళవారం దాకా ఆగవలసిందే. ఈలోపల ఇంట్లోనో, పొరుగింట్లోనో, పంచాయతీ అరుగు మీదనో ఉన్న రేడియో పత్రికల నోట మన్ను కొట్టింది. టెలివిజను అన్నది నాటికి దేశంలో ఢిల్లీకి తప్ప మరే ఊరికీ లేదు. హైదరాబాదుకు అది 1977లో గాని రాలేదు.

తర్జుమా కష్టాలు సరే సరి. దిగిన వాహనం పేరు ‘ఈగిల్’. నిఘంటువు తీస్తే గ్రద్ద. ‘గ్రద్ద వాలింది’ అని శీర్షిక పెడితే తెలుగు గృహస్థుడు ముందుగా తన ఇంటి కప్పు వంక చూచుకుంటాడు. తరువాత శాంతి చేయించడానికి పురోహితునికి కబురు పెడతాడు. అదే పక్షిని సంస్కృతంలోకి తీసుకొనిపోయి ‘గరుడుడు’ అన్నారా, దర్శనమే శుభం. పురాణం కూడా కలిసి వస్తుంది. వెనుక గరుత్మంతుడు తల్లి దాస్యం తీర్చడానికి స్వర్గం మీదికి దండెత్తి అమృతభాండం తెచ్చినాడు. ఈ గరుత్మంతుడు ఏకంగా అమృతకిరణుని ఇంటికే పోయినాడు. తెచ్చినది మాత్రం ఇరవై ఒకటిన్నర కిలోల రాళ్ళూ మట్టీ.

దిగిన తావు పేరు ప్రశాంత సముద్రం. సముద్రమని పేరే గాని అందులో ముంజేతిని తడుపుకొనేంత నీరు లేదు. పాతకాలపు ఖగోళవేత్తలు దూరం నుండి నల్లని మరకలు చూచి సముద్రాలని నామకరణం చేసినారు. మన ఊళ్ళలోనూ నీరెండిన చెరువుకు సముద్రమన్న పేరు నిలిచి ఉండడం కద్దు గనుక ఇందులో మనం నవ్వదగినది లేదు. ఆ ప్రశాంత సముద్రంలో బయలుదేరిన యాత్రికులు 24వ తేదీ గురువారం రాత్రి, మన గడియారంలో పది దాటిన తరువాత, భూమి మీద ప్రశాంత మహాసముద్రంలో వచ్చి పడినారు. ఈ రెండవ దానిలో నీరు పుష్కలం.

ఇంతకూ ఆ ఉదయం ఎనిమిదిన్నరకు రేడియో విని, బయటికి పరుగెత్తి ఆకాశం వంక చూచిన వారు దేశంలో లక్షలలో ఉంటారు. వారికి చంద్రుడు కనబడలేదు. కనబడడు. ఆనాటిది సప్తమి నాటి చంద్రుడు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతాల ఉదయించి నడిరేయి వేళకు అస్తమిస్తాడు. దిగిన వేళకు ఆయన మన దేశంలో అస్తమించి రెండు గంటలు దాటింది. నడచిన వేళకు ఇంకా ఉదయించలేదు. అతిథులు వచ్చిన సమయానికి గృహస్థు మనకు కనబడకుండా మరొక వైపున ఉన్నాడన్నమాట. అప్పుడు ఆయన ఉన్నది పసిఫిక్ సముద్రం మీద. అందుకే చంద్రుని నుండి వచ్చిన బొమ్మలను పట్టి లోకానికి అందించే భాగ్యం ఆస్ట్రేలియా వారికి దక్కింది. వారి పార్క్స్ అనే ఊరి దగ్గర గొర్రెల మేత బయలు నడుమ ఒక పెద్ద రేడియో దుర్బిణి ఉన్నది. గొర్రెలు ఒక వంక మేస్తూ ఉండగా, ఆ దుర్బిణి మరొక వంక చంద్రుని మేసింది.

పది గంటల ప్రాంతాన, మామూలుగా బ్యాంకులు తలుపులు తెరిచే వేళకు, ఆ ఇద్దరూ ఇంకా చంద్రుని మీద రాళ్ళు ఏరుతూనే ఉన్నారు. 10 గంటల 41 నిమిషాలకు గాని వారు వాహనంలోకి తిరిగి వచ్చి తలుపు మూసుకోలేదు. పద్నాలుగు బ్యాంకులూ ప్రభుత్వపు సొత్తుగా మొట్టమొదటిసారి తలుపులు తెరచిన పనిదినం ఆ సోమవారమే. కౌంటరు దగ్గర గుమాస్తా నిన్నటివాడే, కలం నిన్నటిదే, దారంతో కట్టిన ఆ కలంలో సిరా లేకపోవడమూ నిన్నటిదే. యాజమాన్యం మాత్రం మారింది. జాతి యావత్తూ తన డబ్బు తానే తీసుకొనడానికి టోకెను పట్టుకొని బల్ల మీద కూర్చున్నది.

యాభై కోట్ల రూపాయలు, అంతకు పైన డిపాజిట్లు ఉన్న బ్యాంకులనే ప్రభుత్వం తీసుకొన్నది. ఆ లెక్కలో మన ఆంధ్రాబ్యాంకు చేరలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్టణంలో నెలకొల్పిన బ్యాంకది. చేరనందుకు సంతోషించాలో, మనవాళ్ళ దగ్గర యాభై కోట్లు లేవా అని చిన్నబుచ్చుకోవాలో ఆనాటి తెలుగువాడు తేల్చుకోవలసిన ధర్మసందేహం. దానికి 1980లో రెండవ విడతలో ఆ యోగం పట్టింది. 2020లో మొదటి విడతలోని యూనియన్ బ్యాంకులో కలిసి ఆ పేరే పోయింది. మొదటి విడత ఆర్డినెన్సు సంగతీ అంత సాఫీగా సాగలేదు. దాని స్థానంలో వచ్చిన చట్టాన్ని 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కొట్టివేసింది. నాలుగు రోజులకే ప్రభుత్వం మరొక ఆర్డినెన్సు తెచ్చింది. చంద్రునిపై ఒకమారు వేసిన అడుగు చెరిగిపోలేదు గాని బ్యాంకులలో రెండుమార్లు వేయవలసి వచ్చింది.

రాష్ట్రపతి పదవికి ప్రధాన పోటీదారులు ఇద్దరూ తెలుగువారు కావడం ఆ వారపు మరొక వింత. గిరిగారు బరంపురంలో పుట్టినవారు. సంజీవరెడ్డిగారు అనంతపురం జిల్లావారు. ఢిల్లీలో అత్యున్నత పీఠం కోసం ఇద్దరు తెలుగువారు తలపడుతూ ఉంటే, ఇంటి దగ్గర తెలుగువారు ఒకే రాష్ట్రంగా ఉండాలా వద్దా అన్న వ్యాజ్యంలో ఉన్నారు. ఈ రెండవ వార్త దగ్గర హాస్యం తల వంచుకొని పక్కకు తప్పుకోవాలి. 1969 ఆరంభం నుండి తెలంగాణలో సాగిన ఉద్యమంలో పిల్లలు తుపాకి గుండ్లకు బలి అయినారు. తరగతి గదులకు తాళాలు పడినాయి. చంద్రుడు వచ్చినా, బ్యాంకులు వచ్చినా, ఆ ఇళ్ళలో ఆ ఉదయం పత్రిక తెరిచి ముందుగా చూచినది ఏ మూలనో చిన్న అక్షరాలలో ఉన్న స్థానిక వార్తనే అయి ఉంటుంది. ఆగస్టు 16న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరిగారు 4,20,077 విలువైన ఓట్లతో, 4,05,427 పొందిన సంజీవరెడ్డిగారిపై గెలిచినారు. సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండానే ఆ పదవిని అందుకొన్నారు. రాష్ట్రపు వ్యాజ్యం తీరడానికి 2014 వరకు పట్టింది.

చంద్రుని దగ్గరికి తిరిగి వద్దాం. అక్కడ ఆ రోజు అమెరికా వారొక్కరే లేరు. వారికంటె మూడు రోజులు ముందుగా బయలుదేరిన రష్యావారి ‘లూనా 15’ అనే మనిషి లేని నౌక కూడా చంద్రుని చుట్టూ తిరుగుతున్నది. మనుష్యులను పంపకుండానే గుప్పెడు మట్టి తీసుకొని, వీరికంటె ముందుగా ఇల్లు చేరాలని దాని ఎత్తు. సోమవారం రాత్రి 9 గంటల 20 నిమిషాల వేళ అది దిగబోయి, చంద్రుని నేలకు కొట్టుకొని ధ్వంసమయినది. అది పడిన తావు పేరు సంకటాల సముద్రం. ఒకరికి ప్రశాంతి, ఒకరికి సంకటం! పేర్లు పెట్టిన ఆ పాత ఖగోళవేత్తలకు జ్యోతిషం కూడా వచ్చునేమో. రెండు అగ్రరాజ్యాల నుండి చెరి ఒక నౌకను ఒకే రోజున స్వీకరించిన చంద్రుడు మన అలీన విధానాన్ని మనకంటె చక్కగా పాటించినాడు.

ఆ ఉదయం అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన భవనం నుండి చంద్రునికి టెలిఫోను చేసి మాట్లాడినారు. అదే సంవత్సరంలో గుంటూరు నుండి హైదరాబాదుకు ట్రంకు కాలు చెప్పి, పోస్టాఫీసు వరండాలో కూర్చున్నవారికి ఈ వార్త ఎట్లా ఉండి ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి. పది రోజుల తరువాత నిక్సన్ ఢిల్లీకే వచ్చినారు. అప్పటికీ రాష్ట్రపతి ఆసనంలో ప్రధాన న్యాయమూర్తిగారే ఉన్నారు.

పత్రికలవారికి ఆ వారం అందరికంటె పెద్ద పాఠం న్యూయార్కులో జరిగింది. గాడార్డ్ అనే శాస్త్రజ్ఞుడు రాకెట్టుతో చంద్రుని చేరవచ్చునని అంటే, గాలి లేని చోట రాకెట్టు పని చేయదనీ, ఆయనకు బడిపిల్లల పాఠం కూడా రాదనీ 1920 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’ సంపాదకీయంలో వెక్కిరించింది. అపోలో బయలుదేరిన మరునాడు, 1969 జూలై 17న, ఆ పత్రిక సవరణ వేసి విచారం వెలిబుచ్చింది. నలభై తొమ్మిదేళ్ళ తరువాత! గాడార్డ్ చనిపోయి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మన పత్రికలలో పెండ్లికుమారుని పేరు తప్పు పడితే మరునాటికే సవరణ వస్తుంది. అయితే పెండ్లివారు ఆఫీసుకు వచ్చి కూర్చుంటారు; గాడార్డ్ తరఫున అట్లా కూర్చున్నవారు లేరు.

కవుల సంగతి చెప్పకపోతే అన్యాయం. చంద్రముఖి, చంద్రవదన, ఇందుబింబాస్య అని వేయి సంవత్సరాలుగా నాయికలను పొగడుతూ వచ్చిన జాతి మనది. చంద్రుని ముఖమంతా గుంటలూ గతుకులేనని ఫోటోలు పడిన తరువాత ఆ పోలికను ఇంట్లో వాడడం క్షేమం కాదు. కుందేలు విషయం మాత్రం అమెరికా వారే తలపెట్టినారు. దిగడానికి ముందు హ్యూస్టన్ నుండి నాటి వార్తలు చదివి వినిపిస్తూ, చంద్రునిలో ఒక అందగత్తె, ఒక పెద్ద కుందేలు ఉంటాయని చీనావారి కథ ఉన్నది, కాస్త చూస్తూ ఉండండి అన్నారు. చూస్తామని నౌకలోనుండి జవాబు వచ్చింది. మన శశాంకుని ఒడిలోని కుందేలూ అదే కాబోలు.

నాటికి మన ‘ఇస్రో’ ఇంకా పుట్టలేదు. అది మరి ఇరవై అయిదు రోజులకు, ఆగస్టు 15న పుట్టింది. మన శ్రీహరికోట నుండి వెళ్ళిన చంద్రయాన్–3 దిగినది 2023 ఆగస్టు 23, బుధవారం. బుధుడు చంద్రుని కొడుకు. తండ్రి వారం అమెరికా వారికి పోయినా కొడుకు వారం మనకు దక్కింది.

ఇక ఆ సోమవారం సాయంకాలం. పొద్దు క్రుంకేసరికి అర్ధచంద్రుడు నడినెత్తి దాటి నిలిచి ఉన్నాడు. ఆషాఢపు మబ్బు అడ్డు రాని ఊళ్ళలో, డాబాల మీద, వాకిళ్ళలో, తల్లులు ఎప్పటివలెనే పిల్లలను చంకన వేసుకొని, గిన్నెలో అన్నం కలిపి, పైకి చూపి ముద్దలు పెట్టినారు. ఎన్ని వేల యేళ్ళ నుండి ఆ పని జరుగుతున్నదో ఎవరు చెప్పగలరు? ఆ ఒక్క సాయంకాలం మాత్రం ఆ చూపిన వ్రేలికి ఎదురుగా నిజంగానే మనుష్యులున్నారు. ఇద్దరు. ఇరుకైన పెట్టెలో, చలికి నిద్ర పట్టక పడి ఉన్నారు.

నిద్ర పట్టకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. పైకి లేవడానికి వారికున్నది ఒకే ఇంజను. అది పని చేయకుంటే వేరు దారి లేదు. ఆ ఇంజనుకు కరెంటు ఇచ్చే స్విచ్చు పిడి విరిగి నేల మీద పడి ఉండడం ఆల్డ్రిన్ చూచినాడు. ఇరుకు చోట బరువు సంచులతో తిరుగుతూ ఎవరిదో భుజం తగిలి ఉంటుంది. అక్కడ వాషింగ్టనులో అధ్యక్షుని కొరకు ఒక ఉపన్యాసం ముందుగానే వ్రాసి ఉంచినారు. ఆ ఇద్దరూ తిరిగి రాలేకపోతే చదవడానికి. ముందు వారి భార్యలకు టెలిఫోను చేయాలని కూడా అందులో సూచన ఉన్నది. ఆ కాగితం సంగతి ముప్ఫై యేళ్ళ దాకా లోకానికి తెలియలేదు. మన సోమవారపు ఉపసంపాదకునికీ తెలియదు. అతడు రెండవ రాత్రి కూడా గడియారం వంక చూస్తూ, ‘లేచినారు’ అన్న శీర్షికను ముందే పేర్పించి పెట్టుకొని కూర్చున్నాడు.

ఆల్డ్రిన్ జేబులో ఒక కలం ఉన్నది. బొమ్మలకు రంగు వేసే పిల్లల కలం వంటిది, మెత్తని మొన గలది. లోహపు వస్తువు పెడితే ప్రమాదమని, ఆ కలంతో స్విచ్చును లోపలికి నొక్కినాడు. అది నిలిచింది. రాత్రి 11 గంటల 24 నిమిషాలకు ఇంజను అంటుకున్నది. అప్పటికి చంద్రుడు మన పడమటి దిక్కున, తాటితోపుల వెనుకకు దిగినాడు.